అడెనోమయోసిస్‌కు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్: గర్భసంచి తీయించుకునే ముందు ఆలోచించదగినదేనా?

ప్రశ్న: నా వయసు 38. కాకినాడ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పదకొండేళ్ల క్రితం సిజేరియన్‌తో పాప పుట్టింది. నాలుగేళ్లుగా నెలసరికి రెండు రోజుల ముందే పొత్తికడుపులో, నడుములో భరించలేని నొప్పి మొదలవుతోంది. మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా రక్తం పోతోంది. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు తప్ప వేరే మందులేవీ వాడలేదు. ఎమ్మారైలో గర్భసంచి పెద్దదయిందని, వెనుక గోడలో అడెనోమయోసిస్ ఉందని రాశారు. ఇద్దరు డాక్టర్లు గర్భసంచి తీయించుకోమన్నారు, వారిలో ఒకరు ఆలస్యం చేస్తే క్యాన్సర్ కావచ్చన్నారు. మా అత్తగారికీ, పెద్దమ్మకూ నలభై నిండకముందే తీసేశారు. సింగపూర్‌లో ఉన్న మా ఆడపడుచు, కోత లేకుండా అల్ట్రాసౌండ్‌తో కాల్చే చికిత్స ఉందని చెప్పింది. రెండో బిడ్డ ఆలోచనను మేమింకా పూర్తిగా వదులుకోలేదు. ఆ చికిత్స నాకు పనికొస్తుందా? బీమా వర్తిస్తుందా? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

సమాధానం: మీ ప్రశ్నలకన్నా ముందు, మిమ్మల్ని తొందరపెడుతున్న క్యాన్సర్ మాట తేల్చుకుందాం. అడెనోమయోసిస్ క్యాన్సర్ కాదు. నెలనెలా ఊడి రక్తంతో బయటికి వచ్చే గర్భాశయపు లోపలి పొర, అంటే ఎండోమెట్రియం, ఉండవలసిన చోట మాత్రమే ఉండకుండా గర్భసంచి కండరంలోకి కూడా చొచ్చుకుపోవడమే ఈ జబ్బు. అలా చొచ్చుకుపోయిన కణజాలం అక్కడ కూడా హార్మోన్లకు స్పందిస్తుంది. చుట్టూ ఉన్న కండరం వాచి దళసరి అవుతుంది. నొప్పికీ, అధిక రక్తస్రావానికీ, గర్భసంచి పెద్దదవడానికీ కారణం ఇదే. దానిలోంచి క్యాన్సర్ పుట్టడం చాలా అరుదు. ఆ భయంతో గర్భసంచి తీయించుకోవలసిన అవసరం మీకు లేదు. అయితే నెలసరికీ నెలసరికీ మధ్య కూడా రక్తం కనిపిస్తుంటే, లేదా స్కానింగ్‌లో లోపలి పొర అసహజంగా ఉందని తేలితే, ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. అల్ట్రాసౌండ్ చికిత్స వైపు మొగ్గేవారికి ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్ చేస్తే తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపి పరీక్షిస్తారు, ఈ చికిత్సలో మాత్రం కాల్చిన భాగం శరీరంలోనే ఉండిపోతుంది కాబట్టి ఆ తర్వాత పరీక్షించడానికి ఏమీ మిగలదు.

ఇక మీ ఆడపడుచు చెప్పిన చికిత్స. డాక్టర్లు దీనిని హైఫు అని, ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ అని వ్యవహరిస్తారు. గర్భిణికి స్కానింగ్ చేసేటప్పుడు వాడే ధ్వని తరంగాల జాతికి చెందినవే ఇందులోనూ వాడతారు. తేడా శక్తిలోనూ, కేంద్రీకరణలోనూ ఉంది. వెడల్పాటి పరికరం నుంచి బయలుదేరిన తరంగాలు చర్మాన్నీ, కొవ్వునూ, కండరాన్నీ దాటుకుంటూ వెళ్లి, గర్భసంచి లోపల కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. అక్కడ వేడి కొన్ని సెకన్లలోనే 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆ వేడికి కణాలు చనిపోతాయి. దారిలో ఉన్న చర్మం దగ్గర తరంగాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి అక్కడ అంత వేడి పుట్టదు. ఒక బిందువు తర్వాత మరొకటి చొప్పున కాలుస్తూ జబ్బున్న భాగాన్ని నింపుకుంటూ పోతారు. చనిపోయిన కణజాలాన్ని తర్వాతి నెలల్లో శరీరం మెల్లగా పీల్చుకుంటుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఫ్రై సోదరులు 1950లలోనే మెదడులోని సూక్ష్మ భాగాలను ఇలా కాల్చి చూశారు, కానీ లోపల ఏం జరుగుతోందో కంటికి చూపించే యంత్రాలు అప్పటికి లేవు. 1990లలో ఎమ్మారైతోనూ, మెరుగైన స్కానింగ్‌తోనూ దీనిని జోడించడం సాధ్యమయ్యాక దారి తెరుచుకుంది. నేడు రెండు రకాల యంత్రాలున్నాయి. ఒకదానిలో రోగి ఎమ్మారై యంత్రం లోపలే పడుకుంటుంది. ఏ బిందువు ఎంత వేడెక్కిందో డాక్టరుకు తెర మీద ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఇన్‌సైటెక్ సంస్థ చేసిన ఇలాంటి యంత్రానికి 2004లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. రెండో రకంలో స్కానింగ్ చూస్తూ కాలుస్తారు. చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో రూపొందిన ఈ యంత్రాలు ఆ దేశపు ఆసుపత్రుల్లో విరివిగా ఉన్నాయి. అడెనోమయోసిస్ మీద ఈ చికిత్సకు సంబంధించిన అనుభవంలో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చింది.

2004 నాటి ఎఫ్‌డీఏ అనుమతి ఫైబ్రాయిడ్లకు, అంటే గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలకు ఇచ్చినది, అడెనోమయోసిస్‌కు కాదు. ఈ సంగతిని చికిత్స కేంద్రాల కరపత్రాలు తరచు దాటవేస్తాయి. ఫైబ్రాయిడ్ల ఫలితాలను చూపి అడెనోమయోసిస్ ఉన్నవారికి కూడా అంతే మేలు జరుగుతుందన్నట్టు మాట్లాడడం నాకు సమంజసంగా తోచదు. ఫైబ్రాయిడ్ పనసతొనలోని గింజలాగా తన హద్దులో తానుంటుంది. ఆ హద్దు లోపల ఎంత కాల్చినా చుట్టూ ఉన్న మంచి కండరానికి ఇబ్బంది ఉండదు. అడెనోమయోసిస్‌కు అటువంటి హద్దు లేదు. జబ్బు కణజాలమూ, మంచి కండరమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కాబట్టి కొంత జబ్బును మిగల్చడమో, కొంత మంచి కండరాన్ని కోల్పోవడమో తప్పదు. లోపలి పొరకూ, గర్భసంచి పైపొరకూ వేడి తగలకుండా అంచులు వదిలేయాలి కాబట్టి, మిగిలిపోయే జబ్బు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది.

అంత మాత్రాన ఇది పనిచేయదని కాదు. ఇప్పటివరకు వెలువడిన అధ్యయనాలలో, సరైన ఎంపిక జరిగినప్పుడు, చేయించుకున్నవారిలో ఎక్కువమందికి తర్వాతి నెలల్లో నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది, రక్తస్రావం తగ్గింది, గర్భసంచి పరిమాణం కూడా కొంత తగ్గింది. అయితే ఆ అధ్యయనాలలో అధిక భాగం, చికిత్స చేసిన ఆసుపత్రులు తమ రోగులను తామే గమనించి రాసినవి. ఎవరికి ఏ చికిత్సో చీటీ వేసి నిర్ణయించి, ఇతర చికిత్సలతో నిష్పక్షపాతంగా పోల్చినవి తక్కువ. కాలం గడిచేకొద్దీ కొందరిలో లక్షణాలు తిరిగి వస్తాయన్నది కూడా వాటిలోనే ఉంది. అందుకే చైనాలో పలుచోట్ల హైఫు తర్వాత కొన్ని నెలలు హార్మోన్లను అణచే ఇంజెక్షన్లు ఇవ్వడమో, మిరెనా అనే హార్మోన్ సాధనాన్ని గర్భసంచిలో వేయడమో, లేక రెండూ చేయడమో అలవాటుగా మారింది. అలా జోడించినప్పుడు ఫలితం ఎక్కువ కాలం నిలుస్తోందని అక్కడివారి నివేదికలు చెబుతున్నాయి. అంటే మందులను తప్పించుకోవడానికి హైఫు చేయించుకుందామనుకునేవారికి, చివరికి హైఫుతో పాటు మందులూ తప్పకపోవచ్చు.

ఇక్కడ వయసును లెక్కలోకి తీసుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక అడెనోమయోసిస్ సాధారణంగా దానంతటదే చల్లబడుతుంది. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో నెలసరి ఆగుతుంది. మీకు 45 ఏళ్లుండి ఉంటే రెండు మూడేళ్ల ఉపశమనం చాలు, ఈ చికిత్స ఆ వంతెన దాటిస్తుందని ధైర్యంగా చెప్పగలిగేదాన్ని. 38 ఏళ్లకు ముందున్న కాలం ఎనిమిది, తొమ్మిదేళ్లు. ఆ లోపల మళ్లీ చికిత్స అవసరం కావచ్చునన్న సంగతి తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

మీరు రాసినదానిలో రెండు విషయాలు నాకు ముఖ్యంగా కనబడుతున్నాయి. మొదటిది, జబ్బు వెనుక గోడలో ఉండడం. ముందు గోడలో ఉన్న జబ్బు పరికరానికి దగ్గరగా ఉంటుంది. వెనుక గోడ దూరంగానూ, వెన్నెముక చివరి ఎముకకూ, కాళ్లకు వెళ్లే నరాలకూ చేరువలోనూ ఉంటుంది. ఎముక ధ్వని శక్తిని బాగా పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి పక్కనున్న నరానికి తగలవచ్చు. అందుకే ఈ చికిత్స పూర్తి మత్తులో కాకుండా, నొప్పి తగ్గించి మగత కలిగించే ఇంజెక్షన్లతో, రోగి మెలకువగా ఉండగానే చేస్తారు. పిరుదులో గానీ, కాలిలో గానీ లాగినట్టో, తిమ్మిరెక్కినట్టో, మండినట్టో అనిపిస్తే వెంటనే చెప్పాలి. వాళ్లు ఆపి, బిందువును జరిపి, శక్తి తగ్గించి మళ్లీ మొదలుపెడతారు. ఓర్చుకోవడం మన ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు చేస్తారు. ఆ బల్ల మీద మాత్రం ఓర్చుకోవడం ప్రమాదం.

రెండోది, మీ సిజేరియన్ మచ్చ. మచ్చ కణజాలం మామూలు చర్మంకన్నా ఎక్కువ శక్తిని పీల్చుకుంటుంది, అక్కడ స్పర్శ కూడా తక్కువ. తరంగాల దారిలో వెడల్పాటి మచ్చ ఉంటే చర్మం కాలవచ్చు. సన్నని అడ్డగీత మచ్చ అయితే సాధారణంగా దాన్ని తప్పించుకుంటూ కాల్చగలుగుతారు. పాత ఆపరేషన్ వల్ల పేగు గర్భసంచికి అతుక్కుని ఉంటే అది ఇంకా పెద్ద అడ్డంకి. గాలి ఉన్న పేగు తరంగాల దారిలోకి వస్తే దానికి గాయం కావచ్చు, అరుదుగానే అయినా అది ప్రాణం మీదికి తెచ్చే గాయం. ముందు రోజుల్లో తేలికపాటి ఆహారం పెట్టి, విరేచనాలతో పేగు ఖాళీ చేయించడం, పొట్ట మీద నీటి బెలూన్ పెట్టి పేగును పక్కకు నెట్టడం ఇందుకే. చోంగ్‌చింగ్ రకం యంత్రంలో బోర్లా పడుకోవాలి. పొత్తికడుపు గాలి బుడగలు తొలగించిన నీటిలో ఆనుతుంది, ఎందుకంటే గాలి బుడగ దగ్గర తరంగాలు వెనక్కి తిరుగుతాయి. జబ్బు పరిమాణాన్నిబట్టి గంట నుంచి మూడు నాలుగు గంటల దాకా కదలకుండా ఉండవలసి రావచ్చు.

కాబట్టి మీ ఎమ్మారై సీడీని, రిపోర్టు కాగితాన్ని మాత్రమే కాదు, ఈ చికిత్స చేసే కేంద్రంలోని రేడియాలజిస్టుకు చూపించి కొన్ని సంగతులు విడివిడిగా అడగండి. జబ్బు ఒకచోట ముద్దగా ఉందా, గోడంతా పరుచుకుందా? పైచర్మం నుంచి అక్కడికి ఎంత లోతు ఉంది? దారిలో పేగు ఉందా? గర్భసంచి వెనుక ఎండోమెట్రియోసిస్ (లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే జబ్బు) అతుకులు కనబడుతున్నాయా? జబ్బున్న భాగంలో ఎంత వంతు కాల్చగలమని వారు అనుకుంటున్నారు? చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని చోట చేయించుకోకండి. గోడంతా పరుచుకున్న జబ్బుకన్నా ఒకచోట ముద్దగా ఉన్న జబ్బులో ఫలితం అంచనా వేయడం సులువు. వెనుక అతుకులు బాగా ఉన్నాయంటే, మీ నొప్పిలో కొంత భాగం ఎండోమెట్రియోసిస్‌దే కావచ్చు. గర్భసంచి గోడను ఎంత కాల్చినా ఆ నొప్పి పోదు.

రెండో బిడ్డ మాటను మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు గానీ, నా దృష్టిలో మీ నిర్ణయం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. బిడ్డ కావాలనుకుంటే గర్భసంచి తీయడమన్న ప్రసక్తే లేదు, మిరెనా కూడా ఇప్పటికి కుదరదు. హైఫు తర్వాత బిడ్డలు పుట్టిన ఉదాహరణలున్నాయి. అడెనోమయోసిస్‌కు ఈ చికిత్స చేశాక గర్భం నిలిచి, బిడ్డ పుట్టిన సంగతిని ఇజ్రాయెల్ వైద్యులు 2006లోనే ఒక వైద్య పత్రికలో ప్రకటించారు, ఆ తర్వాత చైనా నుంచి ఇంకా చాలా వచ్చాయి. కానీ ఫైబ్రాయిడ్ల విషయంలో సైతం బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఈ చికిత్స తర్వాతి గర్భం మీద దాని ప్రభావం ఇంకా తేలలేదనే చెప్పాయి. కాలిన గోడ మానడానికి కొన్ని నెలలు ఆగాలి. ఇప్పటికే సిజేరియన్ మచ్చ ఉన్న గర్భసంచిలో మరొక చోట గోడ బలహీనపడితే, నెలలు నిండేకొద్దీ జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. 38 ఏళ్లకు ఆ ఆగే నెలలు కూడా విలువైనవే. అందుచేత హైఫు కేంద్రానికి వెళ్లకముందే అండాల నిల్వను తెలిపే ఏఎమ్‌హెచ్ రక్తపరీక్ష చేయించి, సంతాన సాఫల్య నిపుణులను కలవండి. అండాల నిల్వ తక్కువగా ఉందని తేలితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మారుతుంది. బిడ్డ వద్దని మీరిద్దరూ నిశ్చయించుకుంటే మిగతా దారులన్నీ తెరుచుకుంటాయి. ఈ మాట తేలకుండా మాత్రం ఏ చికిత్సకూ తేదీ ఖాయం చేసుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆశ్చర్యపరచిన వాక్యం ఇంకొకటుంది: నాలుగేళ్లలో నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు తప్ప మరేదీ వాడలేదన్నది. గర్భసంచి తీయడానికీ, నొప్పి మాత్ర మింగడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. వాటన్నిటినీ దాటించి మిమ్మల్ని చివరి మెట్టు మీద నిలబెట్టారు. నెలసరి రోజుల్లో ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి. బిడ్డ ఆలోచన లేనివారికి మిరెనా మంచి సాధనం. గర్భసంచి లోపలే ఉండి కొద్ది కొద్దిగా ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్‌ను విడుదల చేస్తూ లోపలి పొరను పలచబరుస్తుంది, రక్తస్రావాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది. గర్భసంచి బాగా పెద్దదైతే అది జారిపోయే అవకాశం కొంత ఎక్కువ. డైనోజెస్ట్ మాత్ర, రోజుకు 2 మిల్లీగ్రాములు, నొప్పికి బాగా పనిచేస్తుంది గానీ తొలి నెలల్లో వేళ కాని వేళ రక్తం కనిపిస్తుంది. మీలాగా రక్తహీనత ఉన్నవారు డాక్టరు పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. హార్మోన్లను అణచే నెలవారీ ఇంజెక్షన్లు మరింత బలమైనవి, అయితే ఒళ్లంతా ఆవిర్లు రావడం, ఎముకలు పలచబడడం వంటి ఇబ్బందుల వల్ల వాటిని మామూలుగా ఆరు నెలలు మించనివ్వరు. గర్భసంచికి వెళ్లే రక్తనాళాలను తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి మూసే ఎంబోలైజేషన్ కూడా బిడ్డ వద్దనుకున్నవారికి ఒక మార్గం. దాన్ని చేయగల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు హైఫు చేసేవారికన్నా మన నగరాల్లో ఎక్కువమంది ఉన్నారు.

మీరు ఏ దారి ఎంచుకున్నా ముందు రక్తం పెరగాలి. 8.4 గ్రాములతో రోజంతా నిలబడి పాఠం చెబుతున్నారంటే ఆయాసం, తల తిరగడం మీకు అలవాటైపోయి ఉంటాయి. నెలనెలా ఇంత పోతున్నప్పుడు మాత్రలతో మాత్రమే అందుకోవడం కష్టం. సిరలోకి ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్ల గురించి మీ డాక్టరును అడగండి, కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది.

ఇంత చెప్పానని గర్భసంచి తీయడం తప్పని అనుకోవద్దు. అడెనోమయోసిస్‌ను పూర్తిగా వదిలించే చికిత్స ఇప్పటికీ అదొక్కటే. బిడ్డలు చాలనుకుని, మందులు వాడి చూసి, అవి పడకనో పనిచేయకనో విసిగిపోయిన స్త్రీకి అది మంచి నిర్ణయమే కావచ్చు. నా అభ్యంతరం దాన్ని మొదటి చికిత్సగా చెప్పడం మీద. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. మన స్త్రీల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు వస్తాయని దీనికి అర్థం చెప్పలేం. అనవసరమైన ఈ ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మీ ఇంట్లో ఇద్దరికి నలభై లోపే జరిగిందన్నది మీకు కూడా జరగాలనడానికి కారణం కాదు.

బీమా సంగతి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా కంపెనీలకు ఇచ్చిన మార్గదర్శకాలలో, పాలసీ నుంచి మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితా ఒకటుంది. అందులో మొట్టమొదట పేర్కొన్నవే గర్భాశయ రక్తనాళ ఎంబోలైజేషన్, హైఫు. కానీ అటువంటి చికిత్సకు ఎంతవరకు చెల్లించాలో పరిమితి పెట్టుకునే వెసులుబాటు కంపెనీకి ఉంది, అందుచేత మీ పాలసీ కాగితంలో ‘ఆధునిక చికిత్సలు’ అన్న శీర్షిక కింద రాసిన పరిమితిని చూసుకోండి. చికిత్సకు ముందే ఆసుపత్రి ద్వారా లిఖితపూర్వక అనుమతి తెప్పించుకోండి. ఈ యంత్రాలు మన దేశంలో కొద్ది నగరాల్లోనే ఉన్నాయి కాబట్టి ప్రయాణం, బస, తర్వాతి ఎమ్మారైల ఖర్చు కూడా కలుపుకోవాలి.

సెలవు విషయంలో మాత్రం ఈ చికిత్స మీకు అనుకూలమే. నెలసరి జరుగుతున్న రోజుల్లో చేయరు, అది పూర్తయ్యాక తేదీ ఇస్తారు. ఎక్కువమంది మర్నాడో, ఆ తర్వాతి రోజో ఇంటికి వెళతారు. పొత్తికడుపులో నొప్పి, నడుము లాగడం, కొంత నీళ్లలాంటి లేదా ఎర్రటి స్రావం కొద్ది రోజులుంటాయి, వారం లోపల బడికి వెళ్లగలరు. లాపరోస్కోపీతో గర్భసంచి తీస్తే పూర్తిగా కోలుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంటికి వచ్చాక జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, చర్మం మీద బొబ్బ, కాలు ఈడ్చినట్టుండడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చికిత్స చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. నొప్పి ఒక్క నెలలోనే పోలేదని నిరాశపడవద్దు. కాలిన భాగం కుంచించుకుపోవడానికి సమయం పడుతుంది కాబట్టి మూడో నెలసరి తర్వాతనే ఫలితాన్ని బేరీజు వేస్తారు. దసరా సెలవుల ముందు నెలసరి ఎప్పుడు వస్తుందో లెక్క చూసుకుని తేదీ అడిగితే, మీరు ప్రత్యేకంగా పెట్టవలసిన సెలవు బహుశా రెండు మూడు రోజులకు మించదు.